బ్రేకుల గాలి ఒక్కణ్ణే తీసిన రోజు

ఇంటి ముందర బండి నిలబెట్టుకుని, పక్కన ఇంకో మనిషి లేకుండా, ఒక్కరే బ్రేకుల గాలి తీసుకోవడం ఎట్లాగని నన్ను అడిగేవాళ్ళు ఇప్పటికీ వస్తుంటారు. మీ వయసువాళ్ళే. పని మానేసిన ముసలి మెకానిక్కుకు ఇంతకంటే మర్యాద ఏముంటుంది గనక, కూర్చోబెట్టి చెప్తాను. పద్ధతి చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ పద్ధతిని నేను ఎందుకు మానేశానో చెప్పడానికి మాత్రం ఎప్పుడూ ఓపిక చాలలేదు. ఈసారి కాగితం మీద పెడుతున్నాను. చదువుకోండి, నన్ను మళ్ళీ అడక్కండి.

బ్రేకు సంగతి తెలియనివాళ్ళకు ముందుగా రెండు ముక్కలు. డ్రైవరు పెడలు తొక్కితే ఆ బలం సన్నటి గొట్టాల్లో నిండుగా ఉన్న నూనె గుండా చక్రాల దాకా పోతుంది. నూనెను ఎంత నొక్కినా అణగదు. గాలి అణుగుతుంది. గొట్టంలో గాలి చేరిందంటే మీరు తొక్కిన తొక్కుడంతా ఆ గాలిని అణచడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. అందుకని ప్రతి చక్రం దగ్గరా నట్టులాంటి ఒక చిన్న మర ఉంటుంది. ఒకడు పైన కూర్చుని పెడలు తొక్కాలి, ఇంకొకడు కింద దూరి ఆ మర వదులు చేయాలి. బుడగలతో సహా నూనె బయటికి చిమ్ముతుంది. పైవాడు కాలు ఎత్తేలోగా కిందివాడు మర బిగించాలి. ఆలస్యమైతే పోయిన గాలి పోయినట్టే వెనక్కి వస్తుంది. "తొక్కు", "పట్టు", "వదులు" అని మా షెడ్డులో పొద్దంతా ఈ మూడు మాటలే వినిపించేవి.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె, మెట్ట సేద్యం. వానలు మొహం చాటేసిన ఏడాది మా నాయనతో పోట్లాడి కర్నూలు చేరాను. అప్పుడే కర్నూలు రాజధాని అయింది. గుడారాల్లో ఆఫీసులు, ఆఫీసులకు జీపులు, జీపులకు రోగాలు. చేయి కాస్త తిరిగినవాడికల్లా పని దొరికింది. పట్టాళం నుంచి తిరిగొచ్చిన ఒక మెకానిక్కు దగ్గర రాజధాని ఉన్న మూడేళ్ళూ పని నేర్చుకున్నాను. తర్వాత రాజధాని హైదరాబాదుకు లేచిపోయింది, జీపులు దాని వెంట పోయాయి, నేను మిగిలాను. ఎవరో చెప్తే కడపకు వచ్చి ఒక ప్రైవేటు బస్సు కంపెనీ షెడ్డులో చేరాను. ఏడు బస్సులు, పైన రేకులు, లోపల పదిమందికి లోపు మనుషులు. రాజధానిలో పని చేసినవాణ్ణని నాకు పొగరు. అక్కడ జీపు తప్ప బస్సు ముట్టలేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

షెడ్డుకు పెద్ద, మేమంతా ఉస్తాద్ అని పిలిచే ముసలాయన. తెల్లగడ్డానికి గ్రీజు మరక అంటకుండా పని చేసేవాడు, అదొక గొప్పగా చెప్పుకునేవాడు కూడా. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. బ్రేకుల గాలి ఎవరు తీస్తే వాళ్ళు ఆ బస్సులో డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, మొదటి తడవ ఘాటు దిగి రావాలి. రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాటు ఉంది కదా. కడప నుంచి పోయేటప్పుడు ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. "నువ్వు బిగించిన మరలే గదా బేటా, నువ్వే కూచోని దిగు. భయం ఉంటేనే చెయ్యి సక్కగా పని చేస్తాది" అనేవాడు. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్ళి ఉన్నా ఆ ప్రయాణం తప్పేది కాదు.

పైన కూర్చుని తొక్కేది ఎవరంటే, ఆ బస్సు డ్రైవరే. నా వంతుకు వచ్చింది రాయచోటి బస్సు. దాని డ్రైవరు నాకంటే పదేళ్ళు పెద్దవాడు. జమ్మలమడుగు దిక్కు నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టాడు. చిన్నప్పటి నుంచి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి తొక్కి తొక్కి, పాతికేళ్ళు దాటాక ఆ పని విడిచి స్టీరింగు పట్టాడు. బండి ఎక్కగానే కుడికాలి చెప్పు విడిచి ఒట్టికాలితో నడిపేవాడు. మగ్గం మీద ఎక్కడో ఒక్క పోగు తెగినా కాలికి తెలుస్తుందట. అట్లాగే పెడలు మీద కాలు పెట్టి, "ఇంగా రవ్వంత ఉండాది", "ఇప్పుడు పోయింది" అని చెప్పేవాడు. నేను కింద పడుకుని బుడగల కోసం కళ్ళు చించుకుని చూస్తుంటే, ఆయన పైన కూర్చుని బీడీ కాలుస్తూ అవే బుడగలను కాలితో లెక్క కట్టేవాడు. నేను ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. రాయచోటిలో ఇద్దరం ఒకే హోటల్లో సంగటి తినేవాళ్ళం. ఏడాది పాటు మా మధ్య ఒక్క మాట తేడా రాలేదు.

ఆ తేడా వచ్చిన రోజు షెడ్డు నిండా జనం ఉన్నారు. ఓనరు కూడా ఉన్నాడు, పక్కన ఎవరో బంధువు. నేను గాలి తీయడం అయిపోయిందని చేతులు తుడుచుకుంటున్నాను. డ్రైవరు పైనుంచి అన్నాడు:

"ఎనక ఎడమ చక్రంలో గాలి ఉండాదప్పా."

"లేదన్నా, నేను చూసినా."

"ఉండాది. మల్లా ఒకసారి తీయి."

"లేదని చెప్తాండా గదా!" అని అరిచాను. ఉస్తాద్ వంగి మర వదులు చేశాడు. డ్రైవరు తొక్కాడు. గింజంతవి నాలుగైదు బుడగలు నూనెలోంచి బుడుబుడుమని వచ్చాయి. మొదట ఓనరు బంధువు నవ్వాడు, ఆయన నవ్వాడు గనక ఓనరు నవ్వాడు, ఓనరు నవ్వాడు గనక అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు బుడగల మేస్త్రీ.

నాకు ముక్కు మీద కోపం. ఆ కోపాన్ని ఓనరు మీద చూపలేను, ఉస్తాద్ మీద చూపలేను. డ్రైవరు మీద చూపాను. మాట మానేశాను. నెల రోజులు ఆయనతో పలకలేదు. ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పినట్టు చెప్పేవాణ్ణి. రాయచోటిలో వేరే హోటలుకు పోయి తినేవాణ్ణి. ఆయన రెండు మూడుసార్లు, "ఏమప్పా, ఇంగా కోపమేనా?" అని దగ్గరికి వచ్చాడు. నేను మొహం తిప్పుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం అదేదో పౌరుషమనుకున్నాను.

ఉరుసు వచ్చింది. దర్గాకు నాలుగు దిక్కుల నుంచి జనం, బస్సులకు ఊపిరాడని గిరాకీ. ఉస్తాద్ మూడు రోజులు సెలవు పెట్టి, షెడ్డు తాళం నడుముకు కట్టుకుని పోయాడు. రెండో రోజు పొద్దున్నే డ్రైవరు బస్సు తెచ్చి మా ఇంటి ముందర ఆపాడు. మా ఇల్లు రాయచోటి రోడ్డు మీదే, ముందర వేపచెట్టు కింద బస్సు పట్టే జాగా ఉంది. ఒక చక్రం దగ్గర నూనెను ఆపే రబ్బరు గిన్నె చిరిగి నూనె కారుతోంది. అటువంటి గిన్నె నా పెట్టెలో ఒకటుంది. మార్చడం కష్టం కాదు. మార్చాక నాలుగు చక్రాలకూ గాలి తీయాలి. బస్సు టైము పదిగంటలు.

"తొక్కేదానికి నేనుంటా" అన్నాడు డ్రైవరు.

"అక్కర్లేదు. పోయి అన్నం తిని రాపో" అన్నాను, ఆయన వైపు చూడకుండానే.

ఆయన పోయాడు. మా ఇంట్లో ఆమె వాకిట్లో పేడనీళ్ళు చల్లుతూ అంతా చూసింది. "ఆయన్న ఉంటాననె గదా, ఎందుకు పంపిస్తివి?" అంది. నీకెందుకు, లోపలికి పొమ్మన్నాను.

ఒక్కణ్ణే తీయడం నాకు తెలుసు. కర్నూల్లో ఆ పట్టాళం మెకానిక్కు జీపులకు అట్లాగే తీసేవాడు. మీరు అడిగే పద్ధతి ఇదే, కాబట్టి వినండి. మరకు ఒక రబ్బరు గొట్టం తొడగాలి. గొట్టం రెండో కొనను గాజుసీసాలో పోసిన నూనెలో మునిగి ఉండేట్టు పెట్టాలి. మర వదులు చేసి, పైకెక్కి, మెల్లగా తొక్కి మెల్లగా వదలాలి. తొక్కినప్పుడు బుడగలు సీసాలోకి వస్తాయి. వదిలినప్పుడు గొట్టం గాలికి బదులు సీసాలో నూనెనే వెనక్కి పీల్చుకుంటుంది. దిగి చూసి, ఎక్కి తొక్కి, దిగి చూసి, బుడగలు ఆగేదాకా ఇదే పని. మందుసీసా, ఎనిమా గొట్టం రెండూ అంతకుముందెప్పుడో పెద్దాసుపత్రి కాంపౌండరు ఇచ్చినవే. ఎనిమా గొట్టం ఎందుకని మా ఆవిడ అడుగుతుంటే నేను దాన్ని మరకు తొడుగుతున్నాను.

నూనె దగ్గర వచ్చింది తంటా. మద్రాసు నుంచి రావలసిన బ్రేకు నూనె డబ్బాలు ఆ నెల రాలేదు. అటువంటప్పుడు మేము ఆముదంలో స్పిరిట్ కలిపి వాడేవాళ్ళం. మద్యనిషేధం రోజులు గనక స్పిరిట్ అడిగితే కాంపౌండరు ముందు మన నోరు వాసన చూసేవాడు. ఇంట్లో ఉన్న కలుపుడు నూనె తక్కువ. మూడు చక్రాలు అయ్యేసరికి పైన నూనె పోసే డబ్బా అడుగంటింది. కాంపౌండరు ఉరుసుకు పోయాడు. తొమ్మిదిన్నర దాటింది. కండక్టరు అప్పటికే స్టాండులో జనాన్ని కూర్చోబెట్టి నా ఇంటికి మనిషిని పంపాడు, వస్తోందా లేదా అని.

సీసాలో మాత్రం నిండా నూనె ఉంది, నేను చక్రాల్లోంచి తీసిందే. పైన తెల్లగా నురుగు. ఉస్తాద్ మాకు వెయ్యిసార్లు చెప్పాడు, తీసిన ఆముదం నూనెను ఒక పొద్దూ ఒక రాత్రీ కదలకుండా పెట్టి, గుడ్డలో వడగట్టి గానీ మళ్ళీ పోయొద్దని. ఆముదం చిక్కన. అందులో చిక్కిన సన్నబుడగ తేలి పైకి రావడానికి పూటలు పడుతుంది. జీపుల దగ్గర మాకు ఈ బాధ లేదు, అక్కడ డబ్బా నూనె. నాకు ఉస్తాద్ మాట గుర్తులేక కాదు. గుర్తుంది. నురుగు ఊదేశాను, కిందిది తేటగా కనిపించింది, డబ్బాలో పోసేశాను.

నాలుగో చక్రం కూడా అయింది, సీసాలో మళ్ళీ చేరిన నూనె కూడా డబ్బాలోకే పోయింది. ఎక్కి మూడుసార్లు తొక్కాను. మూడోసారి పెడలు రాయిలా నిలబడింది. మూడుసార్లు వెంటవెంట తొక్కితే ఎవరి కాలి కిందైనా గట్టిగానే ఉంటుంది. మొదటి తొక్కు ఎంత లోపలికి పోయిందన్నది చూడాలి. నేను చూడదలచుకోలేదు.

డ్రైవరు వచ్చాడు. చెప్పు విడిచి, ఎక్కి, ఒకసారి తొక్కాడు. ఆగాడు. ఇంకోసారి తొక్కాడు. కిటికీలోంచి నన్ను చూశాడు. కండక్టరు పంపిన మనిషి, దారినపోయే నలుగురు, అందరూ బస్సు చుట్టూ ఉన్నారు.

"ఎక్కప్పా, పోదాం" అన్నాడు పక్క సీటు చూపిస్తూ.

"నాకు పనుండాది."

"గాలి తీసినోడివి నువ్వే గదా. ఒక్క తూరి పోయొస్తే అయిపాయ."

"నమ్మకం లేకుంటే బండి తీయొద్దు" అన్నాను, అందరికీ వినబడేట్టు. "ఎల్లుండి ఉస్తాద్ వస్తాడు. ఆయప్పతోనే తీయించుకో."

ఆయన బండి తీశాడు. నాకు పని ఏమీ లేదు. నిజం చెప్పాలంటే ఆయన పక్కన మళ్ళీ ఇంకోసారి అంతసేపు పలక్కుండా కూర్చోవడం నావల్ల కాదనిపించింది, పలకడానికేమో మనసొప్పలేదు. ఇంట్లోకి పోయి అన్నం తిని పడుకున్నాను.

సాయంత్రం నాలుగు దాటాక ఒక లారీ డ్రైవరు ఇంటి ముందర ఆపి, "మీ బస్సు ఘాట్లో కొట్టుకొనింది" అని చెప్పాడు. అదే లారీలో వెళ్ళాను. బస్సు కొండ వైపు ఒరిగి ఉంది. ముందు భాగం రాళ్ళలో కూరుకుపోయింది. దిగుడు మధ్యలో పెడలు నేలకంటిందట. ఆయన గేరు మార్చి, చేతిబ్రేకు లాగి, ఏదీ ఆగక, లోయ పక్కకు పోనీయకుండా బస్సును కొండకేసి రాసుకుంటూ పోయి ఆపాడు. ఒకామెకు చెయ్యి విరిగింది, కొందరికి తలలు పగిలాయి. ఎవరూ చచ్చిపోలేదు. చివరిదాకా పెడలు తొక్కుతూనే ఉండడంతో ఆయన కుడికాలు మోకాలి కింద నలిగిపోయింది. రోడ్డు పక్కన పడుకోబెట్టారు. నన్ను చూసి, "జనానికేం గాలేదు గదప్పా?" అన్నాడు. ఏమీ కాలేదన్నాను. నెల తర్వాత నేను ఆయన మొహం చూసి పలికిన మొదటి మాట అదే.

మరునాడే, సెలవు ఇంకా ఉండగానే, ఉస్తాద్ మా ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గర ఖాళీగా ఉన్న మందుసీసా తీసి వెలుతురుకు పట్టి చూశాడు.

"తీసిన నూనె యాడ?"

"పారబోసినా."

ఆయన వేపచెట్టు కింద నేలంతా చూశాడు. ఎర్రమట్టి పొడిగా ఉంది, ఎక్కడా నూనె మరక లేదు. సీసా ఉన్నచోటే పెట్టి పోయాడు. ఆ తర్వాత షెడ్డులో నన్ను ఎప్పుడూ బేటా అని పిలవలేదు.

విచారణకు బ్రేకు ఇన్‌స్పెక్టరు వస్తాడని తెలిసింది. ముందు రోజు ఓనరు నన్ను పిలిపించాడు. ఎప్పుడూ లేంది కూర్చోమన్నాడు. "తప్పు డ్రైవరుదైతే ఒక లైసెన్సు పోతాది. తప్పు బండిదైతే పర్మిట్టే పోతాది. ఏడు బండ్లు నిలబడిపోతే ఈడ ఎంతమంది ఇండ్లకు పోవాల్నో ఆలోచన చేసుకో" అన్నాడు. బెదిరించినట్టు అనలేదు, సలహా చెప్పినట్టే అన్నాడు. నేను ఆ రాత్రి చాలా ఆలోచించానని రాస్తే బాగుంటుంది గానీ, హాయిగా నిద్రపోయాను. ఏం చెప్పాలో అప్పటికే తెలుసు నాకు.

ట్రావెలర్స్ బంగళా వరండాలో ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. డ్రైవరు కాలికి బద్దలకట్టుతో, భుజం కింద కర్రతో గోడకానుకుని నిలబడ్డాడు. విరిగిన ఎముకలకు పేరుపడ్డ పుత్తూరు కట్టు కట్టించారు గానీ పాదం పక్కకు తిరిగిపోయి ఉంది. బస్సు గొట్టాలు పగిలి నూనె మొత్తం కారిపోవడంతో చూడడానికి సాక్ష్యమేమీ మిగల్లేదు. ఇక మా మాటలే.

"బ్రేకుల పని చేసింది ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే సార్."

"పద్ధతి ప్రకారం చేశావా? కొత్త నూనె పోశావా?"

"కొత్తదే సార్."

"బండి తీసేముందు డ్రైవరు చూసుకున్నాడా?"

"తొక్కి చూసినాడు సార్. బాగుండాదన్నాడు."

ఇంత సులభంగా వచ్చింది నోట్లోంచి. ఇన్‌స్పెక్టరు డ్రైవరు వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు. ఆయన అవుననడని నాకు తెలుసు. ఆయన బాగుందని అనలేదు గదా. బాగుందనీ అనలేదు, లేదనీ అనలేదు. నా మీద పడే మాట కోసం కాళ్ళు బిగించి నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు, తర్వాత తన కాలిని చూసుకున్నాడు.

"నిజమే సార్. బాగుండాదన్నా."

ఘాట్లో జోరుగా దిగాడని రాసుకున్నారు. లైసెన్సు రద్దయింది. ఏడు బస్సులూ తిరిగాయి, మా షెడ్డువాళ్ళలో ఎవరూ ఇంటికి పోలేదు. ఆయనే తట్టాబుట్టా సర్దుకుని భార్యతో సొంతూరికి పోయాడు. పోయేరోజు బస్టాండుకు నేను పోలేదు.

తర్వాత షెడ్డులో నన్ను బుడగల మేస్త్రీ అన్నవాడు లేడు. ఆ పేరుకు నేనెంత ఉడుక్కున్నానో, అది పోయాక అంత దిగులు పడ్డాను. అందరికీ తెలుసు. ఎవరూ అడగరు. మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే నా పక్కన ఒక మనిషి పట్టే జాగా ఖాళీగా ఉండేది. ఎనిమిది నెలల తర్వాత, తట్టుకోలేక, జరిగిందంతా అర్జీగా రాసుకుని ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు పోయాను. పాతాయన బదిలీ అయిపోయాడు. కొత్తాయన అర్జీ సగం చదివి, "మూసిన ఫైలు ఇది. తెరిస్తే ముందు నీ ఉద్యోగం పోతుంది, నీ ఓనరు నన్ను నిద్రపోనివ్వడు. ఆ డ్రైవరు కాలు ఎట్లాగూ రాదు. ఇంటికెళ్ళవయ్యా" అని నా కాగితం నాకే ఇచ్చాడు. ఇంకో ఆఫీసుకు పోవచ్చు. కలెక్టరు దాకా పోవచ్చు. నేను ఇంటికెళ్ళాను.

మీరు నన్ను మంచివాడనుకుంటారేమోనని ఇదంతా రాయడం లేదు. ఒక్కడే గాలి తీయడం తప్పని కూడా అనడం లేదు. మంచి నూనె ఉండి, తొందర లేకపోతే ఆ పద్ధతి బాగానే పని చేస్తుంది. జీపులకు నేనే ఎన్నోసార్లు చేశాను. అయితే ఆ రోజు నేను ఒక్కణ్ణే చేసింది మనిషి దొరక్క కాదు. దొరికిన మనిషిని వెళ్ళగొట్టి చేశాను.

రెండేళ్ళు దాటాక జమ్మలమడుగు వైపు ఒక బస్సు చెడిపోతే బాగు చేయడానికి నన్ను పంపారు. పని మధ్యాహ్నానికే అయిపోయింది. డ్రైవరు వాళ్ళ ఊరు అక్కడికి రెండు మైళ్ళు. నడిచి వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను.

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేస్తున్నది ఆయన భార్య, నాకు వదిన. ఆయన గోడవారగా కూర్చుని రాట్నం మీద కండెలకు నూలు చుడుతున్నాడు. ఆ ఇండ్లలో అది ఆడవాళ్ళో ముసలివాళ్ళో చేసే పని. కుడికాలు చాపి ఉంది, పాదం ఇంకా పక్కకే. నన్ను చూసి, "ఓ, నువ్వాప్పా! రా, కూచో" అన్నాడు, నిన్న విడిపోయినట్టు. వదిన మాత్రం చెయ్యి ఆపలేదు, తల ఎత్తలేదు.

కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "అన్నా, ఆ పొద్దు బంగళాలో నేను అబద్ధం చెప్పినా. నువ్వెందుకు నిజమంటివి?" అని అడిగాను.

ఆయన రాట్నం ఆపాడు. "బండి తీసేముందు తొక్కినా గదా. మొదటి తొక్కు లోపలికి పాయ. రెండోది నిలిచె. గాలి ఉండాదని నాకు అప్పుడే తెలిసె. తెలిసీ అంతమందిని ఎక్కించుకొని పోతినప్పా. అట్లాంటోనికి లైసెన్సు యాల?"

"తెలిసినప్పుడు చెప్పుండొచ్చు గదన్నా" అన్నాను.

"ముందు ఒకసారి చెప్తే ఏమాయ? నెల దినాలు నా మొహం సూడకపోతివి. మల్లా చెప్తే ఇంగ ఎప్పటికీ పలకవేమో అనుకుంటి. నిదానంగా పోతే ఏంగాదులే అనుకుంటి." మళ్ళీ అన్నాడు: "నువ్వు పక్కన ఎక్కి కూచోనింటే దావలో మెల్లిగా చెప్పుకుందును. రాయచోటిలో ఇద్దరం దిగి మల్లా తీసుకొనుందుము. కింద నిలబడి, అంతమంది ముందర, నమ్మకం లేకుంటే తీయొద్దంటివి. ఇంగెట్ల చెప్పేది?"

మగ్గం చప్పుడు ఆగింది. వదిన ఇటు తిరిగి నన్ను చూస్తోంది. ఆమె ముందర, ముప్పై ఏళ్ళ మొగవాణ్ణి, నేను ఏడ్చేశాను. కాళ్ళు పట్టుకుందామని వంగితే ఆ కాలు కనిపించి ముట్టుకోవడానికి చేతులు రాలేదు.

ఆయన నూలుపోగు వెతికి పట్టుకుని మళ్ళీ రాట్నం తిప్పాడు.

"ఇప్పుడు నాతో పలికినావు గదప్పా" అన్నాడు. "చాలు."